రెండు అడవిదారులు: హాథార్న్, వెల్టీ కథల్లో ప్రతీకగా మారిన ప్రయాణం

నథానియల్ హాథార్న్ రాసిన ‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’ కథలో, పెళ్లయి మూడు నెలలే అయిన యువకుడొకడు పొద్దుగూకే వేళ భార్య దగ్గర సెలవు తీసుకుని అడవిలోకి వెళ్తాడు. యుడోరా వెల్టీ రాసిన ‘ఎ వోర్న్ పాత్’ కథలో, వయసెంతో తనకే తెలియని ఫీనిక్స్ అనే నల్లజాతి అవ్వ ఒకతె డిసెంబరు చలిలో, పొద్దున్నే, అడవిలోంచి పట్నానికి బయలుదేరుతుంది. మొదటి కథ 1835లో అచ్చయింది, రెండోది 1941లో. నడుమ 106 ఏళ్లు గడిచినా రెండింటి చట్రం ఒక్కటే: పైన్ చెట్లు, సన్నని కాలిబాట, చేతికర్ర, దారిలో ఎదురయ్యే మనుషులు, చేరవలసిన చోటు, మళ్లీ ఇల్లు చేరవలసిన అవసరం.

అమెరికన్ సాహిత్యం చదివే విద్యార్థులకు ఈ కథలు సాధారణంగా ప్రతీకల కథలుగానే పరిచయమవుతాయి. అడవి అంటే పాపం, గులాబీరంగు రిబ్బను అంటే అమాయకత్వం, ఫీనిక్స్ అంటే బూడిదలోంచి లేచే పక్షి, క్రిస్మస్ అంటే కరుణ అని ఎడమవైపు వస్తువునూ కుడివైపు అర్థాన్నీ రాసుకుంటే పరీక్ష గట్టెక్కవచ్చు. అయితే ఒకే చట్రంలో నడిచిన ఇద్దరిలో ఒకరు బతికుండగానే మనుషులకు దూరమైపోతే, ఇంకొకరు కాళ్లు ఈడ్చుకుంటూనే చేతిలో కాగితపు గాలిపంకా ఎత్తి పట్టుకుని ఇంటికి పోవాలని ఎందుకు తలపోశారన్నది ఆ పట్టికలో దొరకదు. దారిలో ఎదురైన వాటితో వాళ్లు ఎలా మెలిగారన్నది చూస్తేనే ఆ సంగతి తేటపడుతుంది. బ్రౌన్ ప్రతిదాన్నీ సాక్ష్యంగా చదువుతాడు. అవ్వ ప్రతిదాన్నీ పలకరిస్తుంది. ఈ రెండు కథల మధ్య నాకు కనిపించిన అసలు తేడా ఈ పలకరింపే.

ముందుగా ఈ కథల వెనుక ఉన్న పాత సంప్రదాయం గురించి ఒక మాట చెప్పాలి. ఆంగ్లంలో ప్రయాణాన్ని ఆత్మ చరిత్రకు ప్రతీకగా నిలిపిన రచనల్లో అందరికీ తెలిసినది జాన్ బన్యన్ 1678లో వెలువరించిన గ్రంథం. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో దానిని ‘యాత్రికుని ప్రయాణము’ అన్న పేరుతో ఇప్పటికీ చదువుతారు. అది పూర్తిగా అన్యాపదేశం. మనుషుల పేర్లే వారి గుణాలు, ఊళ్ల పేర్లే ఆత్మ స్థితులు. ఆ యాత్రికుడు వెనక్కి రాడు. నాశనపురం వదిలిన మనిషి దివ్యనగరం చేరితే ప్రయాణం ముగుస్తుంది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మన పెద్దలు అన్నప్పుడు కూడా ఇలాంటి ఒకవైపు దారే వారి మనసులో ఉండేది. హాథార్న్, వెల్టీ ఇద్దరూ ఆ చట్రాన్ని తీసుకుని ఒక్క మార్పు చేశారు. వాళ్ల బాటసారులు తిరిగి ఇల్లు చేరాలి. చూసిన సంగతులతో, మోసిన బరువుతో, మర్నాడు మళ్లీ అదే మనుషుల మధ్య బతకాలి. కష్టమంతా అక్కడే ఉంది.

బ్రౌన్ భార్య పేరు ఫెయిత్. ఆంగ్లంలో అది ఆడపిల్లకు పెట్టే పేరు, దైవవిశ్వాసానికి వాడే మాట కూడా. ఈ శ్లేషను తెలుగులో నిలబెట్టడానికి నాకు తోచిన పేరు శ్రద్ధ. మనకూ అది ఆడపిల్ల పేరే. భగవద్గీత పదిహేడో అధ్యాయం శ్రద్ధను మూడు విధాలుగా విడదీసి చెప్పేటప్పుడు దాని అర్థం మనిషి లోపల నిలుపుకున్న విశ్వాసమే. అడవిలో కాచుకుని ఉన్న, సైతానే అనిపించే అపరిచితుడు ఆలస్యమైందేమని మందలిస్తే, శ్రద్ధ కాసేపు ఆపిందని బ్రౌన్ జవాబిస్తాడు. తరువాత ఆకాశంలోంచి ఆమె టోపీకి కట్టుకునే గులాబీ రిబ్బను రాలి కొమ్మకు చిక్కుకున్నప్పుడు, నా శ్రద్ధ పోయిందని అరుస్తాడు. పేరును ఇలా తెలుగు చేసుకుని చదివితే ఒక సంగతి చటుక్కున తడుతుంది. బ్రౌన్ తన విశ్వాసాన్ని వెంట తెచ్చుకోలేదు, ఇంటి దగ్గర భార్య పేరిట భద్రంగా దాచి వచ్చాడు. ఈ ఒక్క రాత్రి గడిస్తే చాలు, ఆ తరువాత ఆమె కొంగు పట్టుకుని స్వర్గానికి వెళ్తానని బయలుదేరేటప్పుడే తనకు తాను చెప్పుకుంటాడు. ఆ సర్దుబాటులోనే పతనం మొదలయింది. అడవిలో జరిగింది దాని కొనసాగింపు.

అపరిచితుడికి యాభై ఏళ్లుంటాయి. పోలికలు బ్రౌన్‌వే; చూసినవాళ్లు తండ్రీ కొడుకులనుకుంటారు. అతని చేతికర్ర పెద్ద నల్లపాములా చెక్కి ఉంటుంది, మెలికలు తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. అది మసకవెలుతురు కలిగించిన భ్రమ కావచ్చునని కథకుడు వెంటనే సందేహం కూడా జోడిస్తాడు. మా నాన్నగానీ తాతగానీ ఇలాంటి పని మీద అడవికి రాలేదని బ్రౌన్ అంటే, ఆ మనిషి చల్లగా జవాబు చెబుతాడు: మీ తాత సేలెం వీధుల్లో క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన స్త్రీని కొరడాలతో కొట్టించినప్పుడు సాయం చేసింది నేనే, మీ నాన్న ఆదివాసుల ఊరికి నిప్పు పెట్టడానికి జిగురు పైన్ కొరివి అందించిందీ నేనే. ఇది అలంకారం కోసం రాసిన మాట కాదు. మసాచుసెట్స్‌లోని సేలెంలో 1804లో పుట్టిన హాథార్న్ పూర్వీకుల్లో ఒకరు క్వేకర్లను హింసించిన అధికారి, ఇంకొకరు 1692 నాటి మంత్రగత్తెల విచారణల్లో న్యాయాధికారి. వారి తరఫున ఆ సిగ్గును తాను నెత్తికెత్తుకుంటున్నానని 1850లో తన నవలకు రాసిన ముందుమాటలో ఆయన బాహాటంగా చెప్పుకున్నాడు. కాబట్టి బ్రౌన్ నడిచిన దారి అడవిలోకి ఎంత పోయిందో సొంత వంశ చరిత్రలోకీ అంత పోయింది.

ఈ కథలో చిక్కుముడిగా కనిపించే భాగం తేటపడాలంటే ఆ 1692 విచారణల గురించి ఒక్క సంగతి తెలియాలి. సేలెంలో ఆ ఏడాది 19 మందిని ఉరితీశారు, ఒక వృద్ధుణ్ణి రాళ్ల బరువు కింద నొక్కి చంపారు. ఆ శిక్షలకు ఆధారమైన సాక్ష్యాల్లో ముఖ్యమైనది ఛాయాసాక్ష్యం: ఫలానా మనిషి ఇంట్లోనే ఉన్నా, ఆమె రూపం నా దగ్గరికి వచ్చి నన్ను పీడించిందని బాధితులు చెప్పే మాట. సైతాను అమాయకుల రూపం కూడా ధరించగలడా అన్న వాదం అప్పుడే నడిచింది. ధరించగలడని ఒప్పుకుంటే ఆ సాక్ష్యానికి విలువే ఉండదు. తరువాతి కోర్టు దాన్ని పక్కన పెట్టింది, కానీ అప్పటికే ఉరితాళ్లు తమ పని ముగించాయి. హాథార్న్ తన కథలో అడవికి రప్పించిన గుడీ క్లాయిస్ పేరు ఆ ఏడాది నిజంగా నిందపడిన స్త్రీదే. ఆమె కథలో బ్రౌన్‌కు చిన్నప్పుడు మతబోధ నేర్పిన ముసలమ్మ. ఆమె రూపం, తరువాత చెట్ల మాటున ఊరి పాస్టరుదీ చర్చి పెద్దదీ గొంతులు, సైతాను కూటమిలో మంటల వెలుగులో ఊరివాళ్లందరి ముఖాలు, చివరికి భార్య: ఇవన్నీ బ్రౌన్‌కు రూపాలుగా, గొంతులుగా, నీడలుగా అందాయి తప్ప పట్టపగలు ముఖాముఖి అందలేదు. వాటి ఆధారంగా అతను మర్నాడు ఊరినంతా దోషిగా తేల్చేస్తాడు. అంటే హాథార్న్ తన పూర్వీకుడు కూర్చున్న న్యాయపీఠం మీద ఒక మామూలు యువకుణ్ణి కూర్చోబెట్టి, ఆ తీర్పు మనిషి గుండెలో ఎలా పుడుతుందో చూపించాడు.

రిబ్బను సంగతే దీనికి మంచి ఉదాహరణ. అడవిలో చేతికి దొరికిన ఒకే ఒక వస్తువు అది. దాన్ని పట్టుకోగానే బ్రౌన్ తెగించి, ఆ పాము కర్ర అందుకుని పరుగు తీస్తాడు. మర్నాడు పొద్దున ఊళ్లోకి వస్తే, ఫెయిత్ అవే గులాబీ రిబ్బన్లతో గెంతుకుంటూ వీధిలో ఎదురొస్తుంది. ఊరందరి ముందూ మొగుణ్ణి ముద్దు పెట్టుకోబోతుంది. కోర్టులో చూపవలసిన వస్తువు మళ్లీ ఆమె టోపీ మీదే ఉంది. అప్పుడైనా ఆగి అడగవచ్చు. బ్రౌన్ ఆమె ముఖంలోకి కఠినంగా, విచారంగా చూసి, పలకరించకుండా వెళ్లిపోతాడు. నా దృష్టిలో కథ మొత్తంలో భయంకరమైన క్షణం అదే. నిప్పంటుకున్న పైన్ చెట్లూ బండమీది రక్తపు నీళ్లూ దాని ముందు ఏపాటివి? తరువాతి దశాబ్దాలన్నిటినీ హాథార్న్ ఒక్క పేరాలో ముగిస్తాడు. బ్రౌన్ ముసలివాడయ్యాడు, పిల్లలూ మనుమలూ పుట్టారు, సమాధి మీద ఆశపుట్టించే వాక్యమేదీ చెక్కలేదు. అతను ఆ రాత్రి అడవిలో నిద్రపోయి కలగన్నాడా అని కథకుడు అడిగి, మీకు ఇష్టమైతే అలాగే అనుకోండి అని వదిలేస్తాడు. ఈ కథకు ఇటలీ మహాకవి దాంతే అంత లోతు ఉందని నవలాకారుడు హెర్మన్ మెల్విల్ 1850లో మెచ్చుకున్నాడు.

వెల్టీ కథలోకి వస్తే దిక్కు తిరగబడుతుంది. బ్రౌన్ ఊరి నుంచి అడవికి పోతే, ఫీనిక్స్ జాక్సన్ అడవి నుంచి ఊరికి పోతుంది. బ్రౌన్ లెక్కలో మంచి ఊళ్లో ఉంది, చెడు అడవిలో ఉంది. అవ్వకు ఇల్లే అడవి లోపల, పాత నాచెజ్ ట్రేస్ బాటకు ఎంతో ఎడంగా, పరాయిచోటు మిసిసిపీ రాష్ట్రంలోని నాచెజ్ పట్నం. దక్షిణాదిలోని పెద్ద బానిస సంతల్లో ఒకటి ఆ నాచెజ్ పట్నం అంచునే ఉండేదని గుర్తుంచుకుంటే, కొండ ఎక్కుతూ ఆమె అన్న మాట, ఇక్కడికొచ్చేసరికి కాళ్లకు గొలుసులున్నట్టు ఉంటుందన్న మాట, ముసలితనపు మూలుగుగా మాత్రమే వినబడదు. కథ చివర ఆమె తాను బడికి పోలేదని, యుద్ధంలో లొంగుబాటు నాటికే బడి ఈడు దాటిందని చెబుతుంది. లొంగుబాటు అంటే అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది ఓడిపోయిన 1865. అంటే ఆమె పుట్టింది బానిసత్వపు రోజుల్లో.

ఆమె చేతికర్ర పాత గొడుగు కాడ. అందులో పాములేదు, మంత్రంలేదు. గడ్డకట్టిన నేల మీద అది కొట్టిన చప్పుడు పిట్ట కిచకిచలా ఉందని రచయిత్రి రాసింది. ఆ కర్రతో ముందు తడుముకుంటూ ఆమె దారంతా మాట్లాడుతూనే ఉంటుంది. పొదల్లోని నక్కలనూ కుందేళ్లనూ దారి తొలగమంటుంది. ముళ్లపొద బట్టలు పట్టుకుంటే, నీకప్పగించిన పని నువ్వు చేస్తున్నావులే అంటుంది. రాబందును చూసి ఎవరిని కనిపెట్టుకుని కూర్చున్నావని నిలదీస్తుంది. వాగు మీది దుంగను కళ్లు మూసుకుని దాటుతుంది. ఎండిన మొక్కజొన్న చేలో ఆడుతున్న నల్లటి ఆకారాన్ని చూసి దయ్యమా, నువ్వు ఎవరి దయ్యానివి అని అడుగుతుంది. జవాబు రాకపోతే చెయ్యిచాచి ముట్టుకుంటుంది. ఖాళీ కోటు, లోపల చలి. దిష్టిబొమ్మ! నవ్వి, దానితోపాటు నాలుగడుగులు చిందేసి ముందుకు పోతుంది. బ్రౌన్‌కూ ఆమెకూ మధ్య ఉన్న దూరమంతా ఆ చెయ్యి చాచడంలో ఉంది. రూపం కనిపించినప్పుడు అతను తీర్పు చెప్పాడు, ఆమె పలకరించి, ముట్టుకుని, తన పొరపాటుకు తానే నవ్వుకుంది.

అయితే పలకరింపు అంటే ఆమె లోకం తియ్యనిదని కాదు. కుక్క మీదికి రావడంతో ఆమె గుంటలో పడిపోయినప్పుడు లేవదీసింది తుపాకీ పట్టుకున్న తెల్లజాతి వేటగాడు. అతను ఆమెను గ్రానీ అని పిలుస్తాడు. ఆసుపత్రిలో నర్సు ఆంట్ ఫీనిక్స్ అంటుంది. తెలుగు పాఠకులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ముక్కూమొహం తెలియని ముసలమ్మను కూడా అవ్వా, పెద్దమ్మా అని పిలవడం మనకు మర్యాద. ఆనాటి మిసిసిపీలో తెల్లజాతివారు నల్లజాతి స్త్రీకి మిసెస్ అన్న గౌరవం దక్కనివ్వకుండా ఉండేందుకు వాడిన పిలుపులవి. ఆ వరసల్లో ఆప్యాయత కొంత ఉన్నా, ఆమె ఎక్కడ నిలబడాలో చెప్పే గీత కూడా వాటిలోనే ఉంది. అంతదూరం నడుస్తావా అని ఆశ్చర్యపోతూ వేటగాడు తన సంచీ తట్టి, నేను ఇంతదూరం వస్తే నాకేదో ఒకటి దక్కుతుంది అంటాడు. సంచీలోంచి చచ్చిన కౌజు జాతి పిట్ట ముడుచుకున్న పంజా వేలాడుతుంటుంది. ఫీనిక్స్ పేరు పక్షిదని తెలిసిన పాఠకుడికి ఆ వేలాడే పంజా చాలు.

అప్పుడే అతని జేబులోంచి ఒక నికెల్, అంటే ఐదు సెంట్ల నాణెం, నేల మీద పడుతుంది. అవ్వ చప్పట్లు కొట్టి నవ్వి, ఆ నల్లకుక్కను తరిమెయ్యమని అతన్ని అటు పంపిస్తుంది. తరువాత నడుము మెల్లగా వంచి, పొదుగుతున్న కోడి కింద నుంచి గుడ్డు తీసినంత నేర్పుగా నాణెం తీసి జేబులో వేసుకుంటుంది. తల ఎత్తేసరికి ఒక పిట్ట ఎగిరిపోతుంది. దేవుడు చూస్తూనే ఉన్నాడు, నేను దొంగతనానికి దిగాను అనుకుంటుంది. తిరిగొచ్చిన వేటగాడు సరదాకు తుపాకీ గురిపెట్టి భయం లేదా అంటే, ఇంతకన్నా తక్కువ తప్పుకే, ఇంతకన్నా దగ్గరగా తుపాకులు పేలడం చూశానని జవాబిస్తుంది. డబ్బుంటే ఒక డైమ్, అంటే పది సెంట్లు, ఇచ్చేవాణ్ణి అని అతను అంటాడు. జేబులో నాణేలున్నవాడు చెప్పిన అబద్ధం అది.

ఈ ఘట్టాన్ని బ్రౌన్ కథ పక్కన పెట్టి చదవాలి. అడవిలో బ్రౌన్ కనుక్కున్నవన్నీ ఇతరుల పాపాలు. పాస్టరుది, ముసలమ్మది, తాతది, భార్యది. సైతాను పిలిచిన చోటికి తన కాళ్లతో తాను వెళ్లానన్న లెక్క అతనెన్నడూ వేసుకోలేదు. అవ్వ చిన్న తప్పు చేసి, దాన్ని పేరుపెట్టి పిలిచి, దేవుడి కంటి కిందనే జేబులో పెట్టుకుని నడక సాగించింది. తప్పు తెలిసినా ఆమె అడుగు ఆగలేదు. ఆమెను పవిత్రమూర్తిగా నిలబెట్టే వ్యాఖ్యానాలు ఈ నాణేన్ని చూసీ చూడనట్టు దాటేస్తాయి గానీ, నాకు మాత్రం కథలో ఆమె ప్రాణం అక్కడే ఎక్కువ కొట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది.

పట్నంలో పట్టపగలే ఎర్ర, పచ్చ విద్యుద్దీపాలు వెలుగుతుంటాయి. పల్లెలో ఎలా ఉన్నా ఫరవాలేదు, పెద్ద భవనంలోకి ఇలా పోకూడదని, కానుకల పొట్లాలతో వెళ్తున్న ఒక దొరసానిని ఆపి చెప్పుల తాళ్లు కట్టించుకుంటుంది. మెట్లెక్కి, గోడ మీద బంగారు చట్రంలో ఉన్న ముద్రవేసిన కాగితం ముందు నిలబడి, నేనొచ్చాను అంటుంది. బల్ల దగ్గరున్న మనిషి ఆమెను ధర్మవైద్యం కేసుగా తేల్చి, పేరేమిటి, జబ్బేమిటి అని గదుముతుంది. అవ్వ నోరు మెదపదు. దారంతా రాళ్లతో ముళ్లతో మాట్లాడిన మనిషి, గమ్యంలో మౌనంగా కూర్చుంటుంది. ఎందుకొచ్చిందో మరిచిపోయింది! నర్సు మనవడి పేరెత్తి, పిల్లవాడు చనిపోలేదు కదా అని అడిగాక గానీ ఆమె కళ్లలో జ్ఞాపకం మెరవదు. రెండు మూడేళ్ల కిందట ఘాటైన క్షారం మింగి గొంతు కాలిపోయిన మనవడికి మందు తీసుకెళ్లడానికి ఆమె వచ్చింది. ఇలా వేళ తప్పకుండా ఎన్నోసార్లు వచ్చింది.

శీర్షికలోని మాటకు తెలుగులో సరితూగేది నలిగిన బాట. బాట నలగాలంటే ఒకే అడుగులు పదేపదే పడాలి. మనసు మరిచిన సంగతిని పాదాలు గుర్తుంచుకునేటంతగా ఆమె ఆ దారిన నడిచింది. బ్రౌన్ ఒక్కసారి, ఒక్క రాత్రికి మాత్రమే అని బయలుదేరాడు. తెలుసుకోవాలన్న కోరిక తప్ప అతన్ని అటు తీసుకెళ్లిన మనిషి ఎవరూ లేరు. అతని దారి నలగలేదు. నలగని దారిలో ప్రతి కొమ్మా సంకేతంలా కనిపించడంలో వింతలేదు. ప్రతీకాత్మక యాత్ర అనగానే ఏదో ఒక మహాసత్యం బయటపడే ఏకైక ప్రయాణాన్ని ఊహించడం మనకు అలవాటు. వెల్టీ కథలో కొత్తగా బయటపడేది ఏమీ లేదు, మందుసీసా తప్ప. అందుకే ఈ కథను ఫీనిక్స్ పురాణానికో క్రీస్తు కథకో పూర్తిగా ఒప్పచెబితే ఆ నడక తేలికైపోతుందని నా అభిప్రాయం. 1930ల మాంద్యకాలంలో ప్రభుత్వ ఉపాధి పథకం ప్రచార ఉద్యోగంలో మిసిసిపీ అంతా తిరిగి, ఫోటోలు తీసిన రచయిత్రి ఆమె. చలికాలపు పొలంలో దూరంగా ఒంటరిగా నడిచిపోతున్న ఒక ముసలామెను చూడడమే ఈ కథకు మొదలని వెల్టీ స్వయంగా చెప్పింది.

మనవడు నిజంగా బతికున్నాడా అన్న ప్రశ్న ఆమెకు పాఠకుల నుంచి ఎంత తరచుగా వచ్చిందంటే, 1974లో దాని మీదే ఒక వ్యాసం రాసింది. ఫీనిక్స్ బతికే ఉందని, ఆమె నడుస్తున్న దారే ముఖ్యమని అందులో తేల్చింది. బ్రౌన్ చూసింది కలా నిజమా అన్న ప్రశ్నను హాథార్న్ వదిలేసిన తీరుకు ఇది చాలా దగ్గరగా ఉంది. కలే అయినా బ్రౌన్ చివరిదాకా భార్య పక్కన ఉలిక్కిపడి లేచాడు. మనవడు పోయే ఉన్నా అవ్వ మళ్లీ మందుకు బయలుదేరుతుంది. ఇద్దరు రచయితలూ పాఠకుణ్ణి అనుమానంలో ఉంచిన చోట, ఆ అనుమానం తీరాల్సిన అవసరమే లేని సత్యం ఒకటి పెట్టారు.

తేడా అంతా తిరుగుదారిలో ఉంది. బ్రౌన్ తిరిగి రావడం హాథార్న్ పూర్తిగా చూపించాడు: వీధి, పాస్టరు, రిబ్బన్లు, పలకరించని భర్త, దశాబ్దాల మౌనం, సమాధి. వెల్టీ అవ్వ తిరిగి వెళ్లడాన్ని అసలు చూపించలేదు. క్రిస్మస్ కదా అని బల్ల దగ్గరి మనిషి కొన్ని పెన్నీలు ఇవ్వబోతే, ఐదు పెన్నీలైతే ఒక నికెల్ అని అవ్వ బిర్రుగా అంటుంది. ఆ నాణెం అందుకుని, జేబులోంచి వేటగాడి నాణెం తీసి పక్కన పెట్టి, తల ఒకవైపు వాల్చి అరచేతిని చూసుకుంటుంది. పది సెంట్లు. మనవడికి కాగితపు గాలిపంకా కొంటుంది. లోకంలో ఇలాంటిది ఉందంటే వాడు నమ్మలేడు. దాన్ని ఈ చేత్తో నిటారుగా పట్టుకుని వాడు ఎదురుచూస్తున్న చోటికి నడిచిపోతుంది. చలి, చీకటి, ముళ్లపొద, దుంగ, కొండ అన్నీ మళ్లీ ఉన్నాయి, ఈసారి ఒక చేయి ఖాళీగా ఉండదు. కథ చివరి వాక్యంలో ఆమె అడుగుల చప్పుడు మెట్లు దిగడం మొదలవుతుంది. గాలిపంకా ఇంకా కొనలేదు.